రెండు స్క్రూల కింద నౌకరీ

ఇంట్లో రైఫిల్ ఉన్నవాడి మాట ఇంటిల్లిపాదీ వింటారని లోకంలో ఒక అపోహ ఉంది. దాన్ని ఖండించడానికే ఈ ఫిర్యాదు రాస్తున్నాను. తూర్పు ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో, మెట్రో స్టేషన్‌కు కూతవేటు దూరంలో, రెండు గదుల అద్దె వాటాలో కాపురముంటున్న నేను, మా అమ్మాయి ఎయిర్ రైఫిల్‌కున్న రెండు స్క్రూల కింద నౌకరీ చేస్తున్నాను. ఆఫీసు నౌకరీకి ఆదివారం సెలవుంది. దీనికి అదీ లేదు.

ముందుగా భయస్థులకు ఒక మాట. ఇది మందుగుండుతో పేలేది కాదు. కుదించిన గాలితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను పది మీటర్ల దూరంలోని కాగితం మీదికి పంపే ఆటవస్తువు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు 0.177 అంగుళం, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఈ ముక్క హిందీలో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, వీధి తలుపు వెనక తగిలించాను. ఇంటి ఓనరు గారు అద్దెకొచ్చినప్పుడల్లా దాన్నొకసారి చదివి, నన్నొకసారి ఎగాదిగా చూసి వెళ్తుంటారు.

ఇంట్లో కాలుస్తుందేమోనన్న బెంగా అక్కర్లేదు. లక్ష్మీ నగర్‌లో పది మీటర్ల పొడవు గది ఎవరికైనా ఉంటే ఈపాటికి అందులో సీఏ కోచింగ్ పెట్టి పొద్దునో బ్యాచ్, సాయంత్రమో బ్యాచ్ నడుపుతుండేవారు. అసలు కాల్పులన్నీ తుగ్లకాబాద్ వైపు, 1982 ఆసియా క్రీడల కోసం కట్టిన కర్ణీ సింగ్ రేంజిలోనే. ఇంట్లో సాగేది ఉత్తుత్తి గురి. గోడ మీద పెన్నుతో పెట్టిన చుక్కకేసి ఖాళీ రైఫిల్ ఎత్తి, ఊపిరి బిగబట్టి, బొమ్మలా నిలబడుతుంది. ఖాళీదైనా సరే, నిండుదన్నట్టే చూడాలని వాళ్ల కోచ్ గారి శాసనం. కనుక ఆ చుక్కకూ అమ్మాయికీ మధ్య ఎవరూ నడవకూడదు. మంచినీళ్ల ఫిల్టరు సరిగ్గా ఆ మధ్యనే ఉంది. మే నెల ఢిల్లీలో, సొంత ఇంట్లో, దాహానికి అనుమతి కోసం నిలబడే తండ్రి ఎలా ఉంటాడో చూడాలంటే మా ఇంటికి రండి.

సరే, స్క్రూల సంగతి. రైఫిల్ వెనక భాగాన కన్ను ఆనించి చూసే చిన్న చిల్లున్న బిళ్ల ఉంటుంది. దాన్ని పీప్ సైట్ అంటారు. ఈ పోటీల్లో టెలిస్కోపు పెట్టనివ్వరు కాబట్టి గురంతా ఆ చిల్లు దయ. ఆ సైటును రైఫిల్ మీది పట్టాకు పట్టి ఉంచేవి రెండు స్క్రూలు, తల పెసరగింజంత. వాటికోసమే నా బతుకు ఇలా ఉంది.

అంత చిన్న స్క్రూకి ఇంత రాద్ధాంతం ఎందుకని నేనూ అడిగాను. సమాధానంగా లెక్క చేతికొచ్చింది. టార్గెట్ నడిమధ్య పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 70 సెంటీమీటర్లనుకుందాం. వెనక సైటు 0.1 మిల్లీమీటరు, అంటే ఓ వెంట్రుక మందం, పక్కకు జరిగితే పది మీటర్ల దూరాన పెల్లెట్ దాదాపు 1.4 మిల్లీమీటర్లు తప్పుతుంది. 10.9 రావలసిన చోట 10.4 వస్తుంది. ఆ ఐదు దశాంశాల్లోనే పతకాలు అటూ ఇటూ అవుతాయట. నా జీతం లెక్క అడిగితే ఒక్కరూ ఇంత శ్రద్ధగా వినరు.

పైగా పూర్వోదాహరణలు. 2008లో బీజింగ్‌లో బంగారు పతకం గెలిచిన అభినవ్ బింద్రాకే ఫైనల్‌కు ముందు సరిచూసుకునే షాట్లలో గురి నాలుగులో పడింది. చూసుకుంటే సైటు కదిలి ఉంది. ఎవరో కావాలనే కదిపారని ఆయన తర్వాత చెప్పారు. 2016లో రియోలో పోటీ రోజున సైటే విరిగిపోతే, మరోటి వేసుకుని ఆడి నాలుగో స్థానంలో ఆగిపోయారు. ఈ రెండు కథలూ మా ఇంట్లో భోజనాల దగ్గర రామాయణంలా పారాయణమవుతాయి. హైదరాబాద్‌లో పెరిగి 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ ఫొటో దేవుడి పటాల వరసలోకి ఎప్పుడు చేరిందో నాకు తెలీదు. అగరొత్తి మాత్రం నేనే వెలిగిస్తున్నాను.

స్క్రూ ఎందుకు వదులవుతుందన్న దాని మీద పెద్దపెద్దవాళ్లే తలలు బద్దలుకొట్టుకున్నారు. నిలువుగా లాగే బలం కన్నా అడ్డంగా అటూ ఇటూ జరిపే కుదుపే స్క్రూను తేలిగ్గా విప్పుతుందని 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు తేల్చాడు. పరీక్షించడానికి ప్రత్యేకంగా ఒక యంత్రం కూడా తయారుచేశాడు. సాయంత్రం ఆరింటికి వికాస్ మార్గ్‌లో ఈ-రిక్షా ఎక్కి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

దీనికి మందుంది. అమెరికాలో హార్ట్‌ఫోర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ 1953లో కనిపెట్టిన ద్రవం. తర్వాత లాక్‌టైట్ అన్న పేరుతో లోకమంతా పాకింది. మామూలు జిగురులా గాలికి ఆరేది కాదిది. గాలి ఆడని చోట, లోహం తగిలినప్పుడే గట్టిపడుతుంది. అందుకే సీసాను నిండా నింపరు. లోపల గాలి లేకపోతే సీసాలోనే గడ్డకడుతుంది. చావడీ బజార్ దాకా వెళ్లి, సగం గాలి ఉన్న సీసాకి నిండు డబ్బులిచ్చి వచ్చాను. ఢిల్లీ గాలి తగలకుండా ఉంటే గట్టిగా ఉండే జాతి అది ఒక్కటే కాదు, నేనూ అదే జాతి. నాకు మాత్రం సీసా ఎవరూ కొనిపెట్టలేదు.

ఇక ఆ స్క్రూలకు జరిగే సేవ చెబుతాను. ముందు అభ్యంగన విసర్జన, అంటే నూనె జిడ్డు వదిలించడం. జిడ్డుంటే మందు పట్టదు. దీనికి మా ఆవిడ గోళ్లరంగు తుడుచుకునే ద్రవం బలి. అదీ స్క్రూను బయటికి తీసి తుడవాలి తప్ప సైటు మీద పడితే పైరంగు లేచిపోతుంది. తర్వాత మరల మీద మందు ఒకే ఒక్క చుక్క. తర్వాత బిగింపు. ఎల్లన్ కీ పొడుగు కాలు చేత్తో పట్టుకుని తిప్పకూడదు, బలం ఎక్కువై మరలు అరిగిపోతాయి. పొడుగు కాలు స్క్రూలో దూర్చి, పొట్టి కాలును రెండు వేళ్లతో తిప్పి, ఆగిందనిపించగానే ఆపేయాలి. ఆ పైన స్క్రూ తల మీంచి సైటు మీదికి గోళ్లరంగుతో సన్నటి గీత. స్క్రూ ఏమాత్రం తిరిగినా గీత రెండు ముక్కలై పట్టిచ్చేస్తుంది. ఆ తర్వాత 24 గంటలు ఎవరూ ముట్టకూడదు. మా పెళ్లికి కూడా ఇన్ని నియమాలు లేవు.

ఇంత నిష్ఠగా సాగుతున్న వ్యవహారంలోకి కాకినాడ నుంచి మా బావమరిది దిగాడు. ఆ మందులో రకాలున్నాయి. చిన్న స్క్రూలకు ఊదారంగు 222, చేతి పనిముట్లతో మళ్లీ విప్పుకోదగ్గ మధ్యరకానికి నీలం, ఇక కదలకూడదనుకునే వాటికి ఎరుపు 271. ఈయన అమ్మాయి మీద ప్రేమ పొంగి ఎరుపు తెచ్చాడు. "బావగారూ, ఇది వేస్తే ఇంక జన్మలో ఊడదు" అన్నాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికే వేసేశాడు. మాట నిలబెట్టుకునే మనిషి, జన్మలో ఊడలేదు. దాన్ని విప్పాలంటే సుమారు 250 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి నేరుగా చూపిస్తే చిల్లు బిళ్ల చుట్టూ ఉన్న రబ్బరు ముందు కరుగుతుంది. చివరికి సైటును రైఫిల్ నుంచి పట్టాతో సహా ఊడదీసి, మా సందులో మొబైల్ రిపేరు కుర్రాడి దగ్గరికి వెళ్తే, అతను సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఆనించి, ఓపిగ్గా వేడెక్కించి, వేడి మీదే తిప్పి ఇచ్చాడు. "అంకుల్‌జీ, ఫోనెక్కడ?" అని మాత్రం అడిగాడు.

బావమరిదిని ఎవరూ ఒక్క మాట అనలేదు. "మావయ్య ప్రేమగా చేశాడు" అని తీర్పు. అదే పని నేను చేసి ఉంటే ఏం జరిగేదో పాఠకులు ఊహించగలరు. అందుకే ఏ పనీ చేయకుండా జాగ్రత్తగా బతుకుతున్నాను.

ఇప్పుడు అసలు అభియోగం. రైఫిల్ స్క్రూలు ఇలా రాజభోగాలు అనుభవిస్తుంటే అదే ఇంట్లో సీలింగ్ ఫ్యాను గానా బజానా చేస్తోంది, బాత్‌రూము గడియ తలుపుతో సంబంధం తెంచుకుంది, మూడు లీటర్ల కుక్కరు పిడి స్క్రూ దీపావళి నుంచీ లేదు. పప్పు ఉడికినప్పుడల్లా నేను గుడ్డ పట్టుకుని పరిగెత్తాలి. ఆ ఊదారంగు మందు ఒక్క చుక్క కుక్కరుకిమ్మని దరఖాస్తు పెట్టుకున్నాను. అన్నం వండే పాత్ర దగ్గరికి రసాయనం ఏమిటని మా ఆవిడా, పిడి బేకలైటు కనుక మందు పట్టదని అమ్మాయీ కొట్టిపారేశారు. శాస్త్రప్రకారం ఇద్దరిదీ నిజమే, అదే నా కడుపుమంట. అసలు లేని స్క్రూకి మందేమిటని ఓనరు గారు సైతం నవ్వారు.

కనుక అయ్యలారా, అమ్మలారా, లక్ష్మీ నగర్ వైపు వచ్చే తెలుగువారెవరైనా ఉంటే, మూడు లీటర్ల పాత కుక్కరు పిడికి సరిపోయే స్క్రూ ఒకటి సంచీలో వేసుకు రండి. కాఫీ ఇస్తాం. వచ్చేముందు ఫోన్ చేయండి. అమ్మాయి గోడకేసి గురిపెట్టి ఉంటే తలుపు తీయడానికి కాస్త ఆలస్యమవుతుంది.