పుల్లలెవరు తెచ్చారు?

డిగ్రీ రోజుల్లో స్పెయిన్ అంతర్యుద్ధం గురించి నాకు తెలిసినంత లోకంలో ఎవరికీ తెలియదని గట్టిగా నమ్మాను. చదివింది రెండు వ్యాసాలు, చూసింది పిడికిలి బిగించిన ఒక పోస్టరు. 1936లో ఫ్రాంకో సైన్యం రిపబ్లిక్ మీద తిరగబడిందని, ఎన్నో దేశాల నుంచి దాదాపు 35 వేల మంది రిపబ్లిక్ పక్షాన పోరాడటానికి వెళ్లారని, 1938లో నెహ్రూ కూడా బార్సిలోనా వెళ్లొచ్చాడని తెలిసేసరికి నాకు పూనకం వచ్చింది. అప్పటికే పుట్టి ఉంటే మొదటి ఓడ నేనే ఎక్కేవాణ్ని! ఆ వయసులో మీరూ ఏదో ఒక ఓడ ఎక్కే ఉంటారు.

ఊరుకున్నానా? తాడేపల్లిగూడెంలో మా కాలేజీ వార్షికోత్సవానికి నాటకం రాశాను. నాయకుణ్నీ నేనే. గోనెసంచుల కందకం వెనక నుంచి లేచి, శత్రువుల్ని పిట్టల్లా కాల్చి, ఏడు తూటాలు తగిలాక కూడా రెండు పేజీల డైలాగు చెప్పి మరీ చచ్చిపోయాను. ఈలలతో హాలు దద్దరిల్లింది.

నాటకానికి మా స్నేహితుడి బాబాయి వచ్చారు. వాళ్లది పక్కనే ఉన్న మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఇంటింటి నుంచి సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. ఆయన 1987లో భారత శాంతిసేనతో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినవారు. ముఖాన రంగు కూడా కడుక్కోకుండా పరిగెత్తి, "ఎలా ఉంది బాబాయిగారూ?" అన్నాను. "బానే చేశావ్ అబ్బాయ్. మరి మీవాళ్లకి పొయ్యిలోకి పుల్లలెవరు తెచ్చారు?" అన్నారు. "అది యుద్ధమండీ, వనభోజనం కాదు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నెత్తికెక్కింది. వెంటనే, అంతమందిలో, "జాఫ్నాలో మీరెంతమందిని చంపారు?" అని అడిగేశాను. ఆయన కండువా సర్దుకుని, బస్సు టైమైందని వెళ్లిపోయారు. ఆయనకి కళ తెలియదని ఆ రాత్రి హాస్టల్లో తీర్పు కూడా ఇచ్చాను.

ఉద్యోగంలో చేరాక జార్జ్ ఆర్వెల్ 'హోమేజ్ టు కాటలోనియా' చదివాను. మన బీహారులోని మోతీహారిలో పుట్టిన ఆర్వెల్, 1936 డిసెంబరులో బార్సిలోనా చేరి, అరగాన్ కొండల మీద కందకాల్లో చలికాలం గడిపాడు. చేతికిచ్చిన మౌజర్ తుపాకీ 1896 నాటిది. కందకంలో మనిషికి ఏవేవి ముఖ్యమో ఒక వరసలో చెబుతాడు. అన్నిటికన్నా ముందు కట్టెపుల్లలు. తర్వాత తిండి, పొగాకు, కొవ్వొత్తులు. శత్రువు ఆఖరు. అక్కడే పుస్తకం మూసేశాను. చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

మళ్లీ తెరిస్తే ఇంకా ఉంది. ప్యాంటు కుట్లలో కాపురం పెట్టిన పేలు. చెట్టూ చేమా లేని కొండల మీద కట్టెల కోసం తూటాలకి ఎదురెళ్లడం. అవతలి కందకంలో ఆకలితో ఉన్నవాళ్లకి వినబడేలా, ఇక్కడ మేం వెన్న రాసిన వేడి రొట్టెలు తింటున్నామని ఒకడు అరుస్తాడు. అది పచ్చి అబద్ధమని తెలిసి కూడా ఆర్వెల్‌కి నోరూరుతుంది. 1937 మే నెలలో వెస్కా దగ్గర ఒకే ఒక్క తూటా గొంతులోంచి దూసుకుపోతే ఆ మనిషికి కొన్నాళ్లపాటు గుసగుసే తప్ప మాట రాలేదు. నేనేమో ఏడు తూటాలు తిని రెండు పేజీలు మాట్లాడాను! నేను చంపిన శత్రువుల్లో ఒక్కడికీ ఆకలి గానీ చలి గానీ రాయలేదు.

ఆదివారం మాధవరం వెళ్లాను. ఈసారి పుల్లల సంగతే అడిగాను. వానకి తడిసిన తాటిమట్టలు అంటుకునేవి కావని, అంటుకుంటే పొగకి తామెక్కడున్నారో తెలిసిపోయేదని చెప్పారు. సాయంత్రమైతే మన గోదావరి కుర్రాడొకడు పులస పులుసు ఎలా వండాలో మొదలుపెట్టేవాడట. మిగతావాళ్లు ఆపరా బాబూ అని దణ్ణం పెట్టేవాళ్లట, ఆపితే తిట్టేవాళ్లట. ఆ యుద్ధంలో మనవాళ్లు సుమారు 1,200 మంది పోయారు. 1990 మార్చిలో ఆఖరి దళం మద్రాసు రేవులో దిగితే ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి స్వాగతానికే రాలేదు.

క్షమించమని అడగడానికే వెళ్లాను. నోరు పెగల్లేదు. బాబాయిగారు ఈ పత్రిక తెప్పించుకుంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.