మిగులు మాస్టారు

టీచర్ల కొరత ఉందని గోలపెట్టేవాళ్లకు లెక్కలు రావు. కేంద్ర విద్యాశాఖవారి 2024-25 యూడైస్ ప్లస్ నివేదిక తెరిస్తే ఆ అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది. దేశంలో టీచర్లు కోటి దాటారు. 3 నుంచి 5 తరగతుల దశలో 13 మంది పిల్లలకు ఒక టీచరు. అంతకన్నా చిన్నవాళ్లకైతే 10 మందికే ఒకరు. జాతీయ విద్యా విధానమేమో 30 మందికి ఒకరుంటే సరిపెట్టుకోమంది. మనం లక్ష్యాన్ని ఎప్పుడో దాటేసి, ఆగడం మర్చిపోయి, ఇంకా ముందుకు పోతున్నామన్నమాట.

అదే నివేదికలో ఇంకో పట్టిక ఉంది. దాన్ని విలేకరుల సమావేశాల్లో చదవరు. ఒకే టీచరుతో నడిచే బడులు దేశంలో 1,04,125. వాటిలో చదివే పిల్లలు 33 లక్షల పైచిలుకు. ఈ వరసలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 12,912 బడులతో. ఉత్తరప్రదేశ్ మన వెనకాలే, రెండో స్థానంలో ఉండిపోయింది. ర్యాంకుల కోసం ప్రాణమిచ్చే జాతి మనది. పరీక్షా ఫలితాల రోజున టీవీలో గుక్క తిప్పుకోకుండా ‘ఒకటీ, ఒకటీ, ఒకటీ’ అని అరిచే గొంతు ఒకటుంటుంది కదా, దాన్ని ఒక్క పూట అద్దెకు తెచ్చి ఈ 12,912 బడుల్లో టీచర్ల సంఖ్య వరసగా చదివించవచ్చు. మాట కూడా మార్చక్కర్లేదు.

పొరుగున తెలంగాణకు వేరే గౌరవం దక్కింది. అదే ఏడాది ఒక్క పిల్లా పిల్లాడూ చేరని బడులు అక్కడ 2,245 తేలాయి. వాటి పేరున 1,016 మంది టీచర్లున్నారు. తెలుగువాళ్లం రెండు రాష్ట్రాలై పని చక్కగా పంచుకున్నాం. అక్కడ పిల్లలు లేని టీచర్లు, ఇక్కడ టీచర్లు చాలని పిల్లలు. రెండూ కలిపి సగటు తీస్తే అందరూ సుఖంగానే ఉన్నట్టు వస్తుంది.

ఆ 13 మందికి ఒక టీచరు అనే భాగ్యం ఎలా ఉంటుందో ఒకసారి బడిలోకి వెళ్లి చూద్దాం. 13 మందీ ఒకే తరగతి పిల్లలైతే అది ఊటీ కాన్వెంటు. కానీ పల్లెలో వాళ్లు ఒకటి నుంచి ఐదు దాకా ఐదు తరగతులవాళ్లు. ఒకటి, రెండు తరగతులకు మూడేసి పుస్తకాలు, పైవాటికి నాలుగేసి. మొత్తం పద్దెనిమిది. 45 నిమిషాల పీరియడును ఐదు తరగతులకు పంచితే తరగతికి తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో రెండో తరగతివాడికి తీసివేత చెబుతుంటే, ఐదో తరగతి పిల్ల లేచి భిన్నాలు ఎప్పుడు చెబుతారని అడుగుతుంది. ‘కాపీరైటింగ్ రాసుకోమ్మా’ అంటారు టీచరుగారు. మన పల్లె పిల్లల చేతిరాత అంత బాగుండడానికి కారణం ఇదే.

ఇలాంటి బడిలోనూ ‘మిగులు టీచరు’ పుడతారు. అది మన విద్యాశాఖ సాధించిన అసలు అద్భుతం. ఎలా పుడతారంటే, ఒక బడిలో నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ఉన్నారనుకుందాం. ఒకరికి ప్రమోషనో, డిప్యుటేషనో, ప్రసూతి సెలవో వస్తుంది. ఆ ఖాళీలోకి ఎవరూ రారు. ఒక్కరే అయిదు తరగతులూ లాగుతుండడం తల్లిదండ్రులు ఏడాదంతా చూస్తారు. జూన్‌లో ఊరి రావిచెట్టు కిందికి పచ్చ వ్యాను వస్తుంది. పదిహేను మంది ఎక్కుతారు. వ్యాను డబ్బులెక్కడివంటే దానికీ ప్రభుత్వం లోటు చెయ్యలేదు. నిన్నటి అమ్మఒడి అయినా, ఇవాళ్టి తల్లికి వందనం అయినా ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లులకూ అందేదే. తరవాత అధికారులు హాజరుపట్టీ చూసి, పిల్లలు తగ్గారు కాబట్టి ఈ బడికి రెండో పోస్టు అనవసరమని తేలుస్తారు. మరుసటి ఏడు జూన్‌లో వ్యాను రెండు ట్రిప్పులు వేస్తుంది. ఇంకో రెండేళ్లకు ఆ ఒక్క టీచరూ మిగులే. బడి ‘విలీనం’ అవుతుంది. ఫైలు మీద మాత్రం ‘తల్లిదండ్రుల అనాసక్తి కారణంగా’ అని రాసుకుంటారు. ఎద్దుకు మేత తగ్గించి, బక్కచిక్కింది కదా ఇంక మేతెందుకని గడ్డివాము అమ్ముకున్నట్టుంది వ్యవహారం.

చట్టం లేదా అంటే, కావలసినంత ఉంది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వారిలో ఒకరు మహిళ అని చెప్పారు. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని షెడ్యూలులోనే అచ్చువేసింది. ఏ బడిలోనూ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పదిశాతం మించకూడదని 26వ సెక్షను. రెండు పోస్టులున్న బడిలో పదిశాతమంటే టీచరులో ఎంత భాగమో లెక్క వేసుకోండి. అంటే ఒక్క ఖాళీ కూడా ఉండకూడదన్నమాట. మొత్తానికి ఆ రెండో టీచరు 1987లోనే బయల్దేరారు. ఇంకా దారిలో ఉన్నారు.

దారిలో అంత ఆలస్యమవుతుందా అంటే 1998 డీఎస్సీ అభ్యర్థులను అడగండి. పరీక్ష రాసింది 1998లో. వాళ్లలో వేలమందికి పోస్టింగు చేతికందింది 2023లో. మనవళ్లను బడిలో వేసే వయసులో తామూ బడిలో చేరారు. తరవాతివాళ్లు కొంచెం అదృష్టవంతులు. ఆంధ్రలో 2018 తరవాత మళ్లీ నియామకాలు పూర్తయింది 2025లో, 16,347 పోస్టుల మెగా డీఎస్సీతో. తెలంగాణలో 2017 తరవాత 2024లో, 11,062 పోస్టులతో. మధ్యలో రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నికల ముందు ఒక చిన్న నోటిఫికేషను వచ్చి, ప్రభుత్వం మారాక రద్దయింది. ఈ విషయంలో మాత్రం తెలుగు రాష్ట్రాల మధ్య జలవివాదం కూడా లేదు.

టీచర్లను పెంచడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, బడుల రకాలు పెంచుతారు. ఆంధ్రలో 2022లో 117 నంబరు జీవోతో బడులు ఆరు రకాలయ్యాయి. మూడు, నాలుగు, అయిదు తరగతులు నడిచి హైస్కూలుకు వెళ్లాయి. తరవాతి ప్రభుత్వం ఆ జీవోను దుర్మార్గమని రద్దుచేసి, 2025లో బడులను తొమ్మిది రకాలు చేసింది. వాటిలో మోడల్ ప్రైమరీ స్కూలనే రకానికి తరగతికో టీచరునిస్తామన్నారు. ఇచ్చిన చోట అది మంచిపనే, కాదనను. కాకపోతే ఆ తరగతికో టీచరు దొరకడానికి చుట్టుపక్కల చిన్న బడుల పిల్లలనూ టీచర్లనూ అక్కడికి చేర్చారు. ఆ చిన్న బడి ఏ రకం కిందికి వస్తుందో కనుక్కోవడానికి దాని ఏకైక టీచరుగారికి ఒక పూట శిక్షణ ఉంటుంది. ఆ పూట బడి ఎవరు చూస్తారన్నది తొమ్మిది రకాల్లోనూ లేదు.

పూర్వం మనవాళ్లు ‘బోర్డు స్కూలు’ అనేవారు. జిల్లా బోర్డు కాలం నాటి మాట. పంతులుగారు రాకపోతే ఏ ప్రెసిడెంటుగారి అరుగు మీద కూర్చోవాలో ఊరికి తెలిసేది. ఆయన పక్షపాతాలూ, కులాభిమానాలూ ఆయనకుండేవి, ఆ రోజులు బంగారమని నేననను. ఇప్పుడు బడి బోర్డు మీద మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని ఉంటుంది గానీ, ఎంపీపీ గారిని వెళ్లి అడిగితే ఆయనే మనల్ని ఎదురడుగుతారు. బదిలీ వెబ్ ఆప్షన్లలో జరుగుతుంది. సర్వరు అరుగు మీద ఎవరూ కూర్చోలేరు.

ఆ లోటు తీర్చడానికి చట్టం బడికో యాజమాన్య కమిటీనిచ్చింది. నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. మూడేళ్లకు సరిపడా అభివృద్ధి ప్రణాళిక వాళ్లే రాయాలి. అదనంగా ఎంతమంది టీచర్లు కావాలో కూడా అందులో రాయాలి. రాస్తారు. రాయడం వరకూ వాళ్ల హక్కు.

సమావేశం ఎలా నడుస్తుందో తెలియనివారి కోసం ఒక నమూనా. కన్వీనరు హెచ్ఎంగారు. బడిలో ఉన్నది ఆవిడే కాబట్టి హెచ్ఎం, టీచరు, గుమాస్తా అన్నీ ఆవిడే. సభ్యుల్లో సగం మంది కూలిపనికి వెళ్లారు. వాళ్ల సంతకాలు సాయంత్రం ఇళ్లకు వెళ్లి పెట్టించుకోవాలి. లోపల పిల్లలను ఐదో తరగతి లీడరు బెత్తం లేకుండా, అంతకు మించిన గొంతుతో పాలిస్తున్నాడు.

మొదటి అంశం, కోడిగుడ్లు. చిన్నవిగా వస్తున్నాయని వంటామె చెప్పింది. నమోదైనది. రెండు, బూట్లు. కొలతలు పోయినేడు తీసుకున్నవి, కాళ్లు ఈ ఏడాదివి. నమోదైనది. మూడు, మరుగుదొడ్డి. మోటారు కాలింది. మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే విద్య కొన్నేళ్లు టీచర్లచేత సాధన చేయించి, తరవాత దయతలచి తప్పించారు. ఫొటోలు తీసిన కాలంలోనూ నీళ్లు రాలేదు కాబట్టి తేడా తెలియలేదు. నాలుగు, పిల్లలకిచ్చే అపార్ గుర్తింపు నంబర్లు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, బడి రిజిస్టరులో వెనక ఉంది, తల్లి పేరు ఒకచోట లక్ష్మి, మరోచోట లక్ష్మమ్మ. ఆ అమ్మాయికి నంబరు రాదు. దీని మీద అరగంట. చివర్లో చైర్మన్ గొంతు సవరించుకున్నాడు.

“మేడం గారూ, మరి రెండో టీచరు సంగతీ?”

“అది మన పరిధిలో లేదండీ చైర్మన్ గారూ.”

“మన పరిధిలో ఏముందండీ మరి?”

“గేటు తాళం అండీ. పోయిన తీర్మానంలో కొన్నాం.”

అయినా ఆవిడ మంచి మనిషి కాబట్టి ‘ఉపాధ్యాయుల కొరతను పై అధికారుల దృష్టికి తీసుకువెళ్లవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది’ అని రాసింది. ఆ కాగితం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు వెళుతుంది. అక్కడ ఎంఈఓలు ఇద్దరుంటారు, ఎంఈఓ-1, ఎంఈఓ-2. ఆంధ్రలో మండలానికి రెండో ఎంఈఓ పోస్టు పెట్టారు. కాబట్టి ఒకచోట కనీసం ఇద్దరుండాలన్న సూత్రం ప్రభుత్వానికి తెలియదనడం అన్యాయం. బాగా తెలుసు, ఆఫీసు దగ్గర మొదలుపెట్టారంతే.

తీర్మానానికి ఫలితం ఉండదనుకోకండి. ‘పని సర్దుబాటు’ ఉత్తర్వు వస్తుంది. పక్క ఊళ్లో ఇద్దరున్నారు, వారిలో ఒకరు వారానికి మూడు రోజులు ఇక్కడికి రావాలి. దాంతో ఆ మూడు రోజులూ అది ఏకోపాధ్యాయ పాఠశాల, మిగతా మూడు రోజులూ ఇది. కొరత అలాగే ఉంది గానీ రెండు ఊళ్లకూ సమానంగా అందింది. ఇంతకన్నా సామాజిక న్యాయం ఏం కావాలి?

ఈ సర్దుబాటులో పైకి కనపడని ఇంకో రకం ఉంది. పలుకుబడి గల టీచరు పట్నంలో ఏదో ఆఫీసుకు డిప్యుటేషను మీద వెళతారు. పోస్టు మాత్రం పల్లె బడి పేరునే ఉంటుంది, జీతం బిల్లులో ఊరికి ఇద్దరు టీచర్లు కనిపిస్తారు. ఇద్దరున్నారు కదా అని కొత్తవారిని వెయ్యరు. సిఫారసు ఉత్తరం రాసిన ప్రజాప్రతినిధే ఆ ఊరి సభలో బడి బాగుపడాలని ఉపన్యసిస్తాడు. డీఏ బకాయిల మీద కలెక్టరేటు దద్దరిల్లేలా నినదించే సంఘాలు, అది న్యాయమైన కోరికే అనుకోండి, ఈ సంగతి వచ్చేసరికి ఎందుకో గొంతు బొంగురుపోయినట్టు మాట్లాడతాయి.

ఉన్న ఆ ఒక్కరైనా బడిలో ఉంటారా? చట్టం 27వ సెక్షను ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధంలేని పనికి టీచరును పంపకూడదు. ఎన్నికలు అనే మాటలో ఓటర్ల జాబితా పట్టుకుని ఏడాది పొడుగునా ఇల్లిల్లూ తిరగడం కూడా ఇమిడిపోతుంది. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి కులగణన సర్వే కోసం ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూట చేసి, టీచర్లను తలుపులు తట్టమంది. కులగణన అవసరమా కాదా అన్నది వేరే చర్చ, అవసరమనే అనుకుందాం. పేదపిల్లల లెక్క తేల్చడానికి పేదపిల్లల బడినే ఆపాలా అన్నదే ప్రశ్న. ఇక 2020 మేలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో కొందరు టీచర్లకు ఆ దుకాణాల ముందు వరసలు సర్దే పని అప్పజెప్పారు. గోల లేచింది గానీ, చట్టప్రకారం చూస్తే అది విపత్తు సహాయం కిందికే వస్తుంది.

మిగులు టీచర్లను తేల్చే ఇంత గొప్ప పద్ధతిని బడులకే పరిమితం చెయ్యడం వివక్ష. అందుకని నాదొక మనవి. హేతుబద్ధీకరణను ఈసారి పైనుంచి మొదలుపెట్టండి. ప్రతి జిల్లా ఆఫీసులో ఏటా ఒక రోజున ఫైళ్లు లెక్కపెట్టండి. అరవై లోపుంటే ఒక్క అధికారి చాలు. సెక్షన్లు ఐదున్నా ఆయనే చూస్తారు, సెక్షనుకు తొమ్మిది నిమిషాలు. టైపు, టపా, అల్పాహారం లెక్క, మరుగుదొడ్డి ఫొటో ఆయనవే. పనులు కాక జనం దళారుల దగ్గరికి పోతే ఫైళ్లు తగ్గుతాయి, అప్పుడాయన మిగులు. పాడేరు అవతలి కొండ మీద ఖాళీ ఉంది, వెబ్ ఆప్షను పెట్టుకోవచ్చు. ఆయనకు జ్వరమొచ్చి సెలవు పెడితే పక్క జిల్లా అధికారి వచ్చి మూడు రోజులు కూర్చుంటారు. పక్క జిల్లా ఆఫీసు సంగతి ఆ మూడు రోజులూ అటెండరు చూసుకుంటాడు.