ఉప్పునీళ్ల ఉద్యోగం: ఒక జాడీ ఆత్మకథ

నేను ఊరగాయ జాడీని. భుజాల దాకా గోధుమరంగు, కింద తెలుపు, మూత మీద చిన్న బొడిపె. రెండు లీటర్లు పడతాను. మదురైలో ఒక నాయుడుగారి వంటింట్లో కాపురం మొదలుపెట్టి, ఆ ఇంటి పిల్ల పెళ్లయి కోయంబత్తూరు పీళమేడుకు వస్తుంటే సారె సామానుతో పాటు పళని దారిన బస్సెక్కాను. ఆ పిల్ల ఇప్పుడు మనవరాలున్న అవ్వ. నా పొట్టకు అంటించిన కాగితం మీద ఉండేవి తెలుగు మాటలే, అక్షరాలు మాత్రం తమిళం. విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టిన నాటినుంచీ ఈ నేలమీద ఉన్న తెలుగు ఇళ్లలో ఇది మామూలే. మాట్లాడేది ఒకటి, బడిలో నేర్చేది ఇంకొకటి.

నా పని ఉప్పులో వేసినదాన్ని చెడనివ్వకుండా చూడటం. ఎండలు ముదరకముందే పిందె మామిళ్లు వస్తాయి. ఇక్కడ వడుమాంగా అంటారు. అవ్వ వాటిని కడిగి, తుడిచి, తడి ఆరాక ఆముదం చుక్క పట్టించి, రాళ్ల ఉప్పు వరసలు వరసలుగా చల్లి నాలో నింపుతుంది. చుక్క నీళ్లు పొయ్యదు. మూడోరోజు మూత తీస్తే పిందెలు సగం దాకా మునిగి ఉంటాయి. ఆ నీళ్లన్నీ వాటి ఒంట్లోవే. నున్నగా, గట్టిగా లోపలికి వచ్చిన పిందె వారం తిరిగేసరికి తొడిమ దగ్గర మొదలై కిందిదాకా ముడతలు పడుతుంది. ఉప్పు తగిలితే కాయ నీళ్లు వదలక తప్పదు. ఆ ఊట వస్తేనే ఊరగాయ నిలవ ఉంటుంది. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ వంటింట్లో లేరు.

ఒక ఏడాది కత్తిరి ఎండల్లో మనవరాలు నన్ను ఖాళీ చేసి, సలసల కాగే నీళ్లతో కడిగి, మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరబెట్టింది. మామిడికి కాదట, చీజుకట. గ్రీకు వాళ్లు వేసవిలో పుచ్చకాయ ముక్కల్లో ఉప్పుచీజు చిదిపి తింటారని అవ్వకు చెప్పింది.

"ఏమే, పుచ్చకాయలో చీజు కలుపుతావా? తల తిరిగిందా నీకు?" అంది అవ్వ.

"తిని చూసి తిట్టవ్వా."

అవ్వకు వింతగా ఉందిగానీ నాకు లేదు. మా జాతికి గ్రీకులు పాతచుట్టాలు. పుదుచ్చేరి పక్కన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు మట్టిలోంచి బయటపడ్డవి మా పూర్వీకుల పెంకులే. సముద్రం దాటి ద్రాక్షసారా, ఆలివు నూనె, ఊరవేసిన చేపల రసం మోసుకొచ్చిన రెండు చెవుల జాడీలవి. వాటిలో కొన్ని గ్రీకు ద్వీపం కోస్ నుంచి వచ్చినవి. పాలక్కాడు కనుమ గుండా పడమటి తీరానికి పోయే వర్తకుల దారి కోయంబత్తూరు మీదుగానే సాగేది. ఊరికి ఆనుకునే ఉన్న వెళ్లలూరులో రోమన్ వెండి నాణేలు కుప్పగా దొరికాయి. కాబట్టి ఆలివు నూనె ఈ ఊరికి మొన్న సూపర్‌మార్కెట్లో దిగిందనుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక ఆ చీజు పేరు ఫెటా. 2002లో ఐరోపా సమాఖ్య ఆ పేరును గ్రీసుకే రాసిచ్చింది. గొర్రెపాలతో చెయ్యాలి, మేకపాలు 30 శాతం దాకా కలపొచ్చు, కనీసం రెండు నెలలు మాగాలి. ఆవుపాలతో చేసినది రుచిగా ఉన్నా ఫెటా కాదు. కోయంబత్తూరు గ్రైండరుకూ భౌగోళిక గుర్తింపు ఉంది గనక ఈ పట్టింపు మా ఇంట్లో ఎవరికీ విడ్డూరం అనిపించలేదు.

మా ఇంట్లో చేసేది దానికి దగ్గరి చుట్టం. రెండు లీటర్ల చిక్కటి ఆవిన్ పాలు కాచి దించి, నిమ్మరసం కొంచెం కొంచెంగా పోస్తే విరుగుతాయి. గుడ్డలో వడగట్టి, మూటకట్టి, పళ్లెంలో పెట్టి, మూలన పడున్న పాత గ్రైండరు పొత్రం దానిమీదికి ఎక్కిస్తారు. రెండు గంటలకు గట్టి బిళ్ల తయారు. దాన్ని అంగుళం ముక్కలుగా కోసి నాలో వేస్తారు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు 80 గ్రాముల ఉప్పు, ఒక చెంచా నిమ్మరసం. ఆ పులుపు మానకూడదు, ఉత్త ఉప్పునీళ్లలో ముక్కల అంచులు జిగురుగా మెత్తబడతాయి. అల్యూమినియం గిన్నెలో పెట్టారా, ఉప్పూ పులుపూ కలిసి గిన్నెనే తినేస్తాయి. నాకు ఆ బాధ లేదు. రెండు రాత్రులు ఫ్రిజ్‌లో ఉంటే ఉప్పు లోపలిదాకా పడుతుంది. వారంలోపు తినెయ్యాలి. గొర్రెపాల ఘాటు మాత్రం దీనికి రాదు. అది కావాలంటే డబ్బుపెట్టి అసలుది కొనుక్కోవాల్సిందే.

పుచ్చకాయను కాయగానే చల్లబరచాలి. తినే ముందు కోసి, గింజలు తీసి, ముక్కల్ని చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచితే కారే నీళ్లు కారిపోతాయి. కీరదోస ముక్కలు, సగానికి చీల్చిన కంబం లోయ నల్లద్రాక్ష, చన్నీళ్లలో నానబెట్టి పిండిన ఉల్లిపాయ చీలికలు, చేత్తో తుంచిన పుదీనా, మిరియాల పొడి, అర నిమ్మకాయ రసం. అవ్వ గానుగ నువ్వుల నూనె పొయ్యమంది. ఏళ్ల తరబడి ఆ నూనె మోసినదాన్నయినా నా తీర్పు ఆవిడకు వ్యతిరేకం. దాని వాసన ముందు పుదీనా, పుచ్చకాయ రెండూ ఓడిపోతాయి. ఇక్కడ ఆలివు నూనే తగును, రెండు చెంచాలు చాలు. అన్నీ వెడల్పాటి పళ్లెంలో పరిచి, చీజు చిట్టచివర చిదమాలి. విడిగా ఉప్పు వెయ్యనే కూడదు. పుచ్చకాయలో నూటికి తొంభై పాళ్లు పైగా నీళ్లే. పిందెలో నేను కోరుకునే ఊట ఇక్కడ వచ్చిందంటే పళ్లెం చెరువైపోతుంది.

అవ్వ ఒక ముక్క నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి, "ఉప్పు బాగుండాది. నీళ్లు రానియ్యగాకు" అంది. ఆవిడ ఒప్పుకోవటంలో ఆశ్చర్యం లేదు. చిత్తిరై తిరునాళ్లలో అళగరు స్వామి వైగై నదిలో దిగేరోజున మదురై వీధుల్లో పందిరి పందిరికీ ఉప్పుమజ్జిగ, పానకం పోస్తారు. మీనాక్షి కల్యాణాన్ని చిత్తిరై నెలకు తెచ్చి ఆ అళగరు ఉత్సవంతో కలిపింది తిరుమల నాయకుడు. ఎండకు ఉప్పూ తీపీ పులుపూ కలిసిన చల్లటిది కావాలని ఆ ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. శ్రీరామనవమినాటి వడపప్పులో కీరదోస, నిమ్మరసం కలుపుకున్న నోటికి ఇది మరీ దూరమేం కాదు.

ఇప్పుడు ఏటా ఎండాకాలంలో మొదట పిందెలకు, తర్వాత చీజుకు నాకు పని. మధ్యలో కడిగి ఎండబెట్టడం మరిచిపోకపోతే రెండూ పాడవవు. మీరూ చేసుకుంటే మీ జాడీకి ఆ ఒక్క మర్యాదా చెయ్యండి. సలాడు మిగిలితే మాత్రం దాచిపెట్టమని జాడీని అడగొద్దు, ఆ పూటకే తినెయ్యండి.