మహాకాయ ఎక్సెమ్మెల్‌ను సాగనంపు విధము

వెబ్ సర్వీసు గుండా మహాకాయమైన ఎక్సెమ్మెల్ పత్రమును పంపబూని, అర్ధరాత్రివేళ 413 అను అంకెను మాత్రమే ప్రతిఫలముగా పొందిన సాధకుడు మొట్టమొదట చేయవలసినది, ఆ అంకెకు అర్థమేమో విచారింపకుండుటయే. మూట మోయరానంత పెద్దదని సర్వరు స్పష్టముగానే చెప్పుచున్నది. అయినను నెట్‌వర్కువారిని నిద్రలేపి నిందింపవలయును. వారు తమ నిర్దోషిత్వమును నిరూపించుకొనునంతలో తెల్లవారును.

పిదప పరిమితిని పెంచవలయును. అది యొక్కచోటనే యుండిన ఇందులో విద్య యేమున్నది? ముంగిట నిలిచిన ఎన్‌జింక్స్, ఎవరును చెప్పనిచో, 1 మెగాబైటుకే కనుబొమలు ముడుచును. దానిని ప్రసన్నము చేసికొన్న యనంతరము ఏఎస్‌పీ డాట్ నెట్ 4096 కిలోబైట్ల వద్దను, ఐఐఎస్ 3 కోట్ల బైట్ల వద్దను అడ్డగించును. ఈ ఐఐఎస్ పాత కూర్పుదైనచో మిక్కిలి మొగమోటము గలది; బరువెక్కువైనదని మొగముమీద అనజాలక 404 అని, అనగా అట్టి చిరునామాయే లేదని, బొంకి, అసలు కారణమును 13 అను ఉపసంఖ్యగా లాగ్‌లో దాచుకొనును. కావున లాగ్ తెరువకుడు. చిరునామాలో అక్షరదోషములను వెదకుడు. ఇవన్నియు దాటి అంతఃపురము చేరితిమనుకొన్న వేళ డబ్ల్యూసీఎఫ్ 65,536 బైట్లకు మించి జీర్ణింపదని చేతులెత్తును. విసుగు పుట్టినచో అన్నిచోట్లను 2147483647 అని వ్రాసివేయుడు. అంతట దారిన పోవు దానయ్యయు రెండు గిగాబైట్ల మూటను మీ సర్వరు నెత్తిన దింపవచ్చును. దానిని డామ్ వృక్షముగా పెంచబోయి, ఫైలుకు పలురెట్లు మెమరీని మ్రింగి, ప్రాసెసు కూలబడును.

పత్రమున తెలుగు పేర్లున్నచో వైభవము మరింత హెచ్చు. మీరు అక్షరములు లెక్కింతురు, సర్వరు బైట్లు లెక్కించును. కంటికి ఒక్కటిగా కనబడు 'స్త్రీ'లో సకార తకార రేఫములు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘము కలసి ఆరు తునుకలు. యూటీఎఫ్-8లో తునుకకు మూడేసి చొప్పున 18 బైట్లు. ఇది చాలదనుకొన్నచో తకారమును త అన్నట్లు అన్నిటిని సంఖ్యలుగా వ్రాయింపుడు, 42 అగును. ఫోటోలను బేస్64గా మార్చి ఇరికించినచో వాని భారము ఇంచుమించు మూడవవంతు పెరుగును.

వేయేసి రికార్డులుగా విడదీసి పంపుదమనియో, జిప్ చేయుదమనియో పలుకు కుర్రవాడు ప్రతి ఆఫీసునందును ఒకడుండును. వానిని టైమౌటు పెంచు పనికి నియోగింపుడు.

నేనును ఈ మార్గముననే మూడు రాత్రులు గడపితిని. నాలుగవనాడు ఆ పత్రమును ఎడిటరులో తెరచి చూడగా, సగమునకు పైగా వట్టి ఖాళీ. ట్యాగులు మెట్లుమెట్లుగా దిగుచు కన్నులపండువుగా నుండవలెనని ప్రతి పంక్తికి ముందు నేనే పెట్టించిన స్పేసులవి. ఒక్క మీటతో తొలగించి యుండవచ్చును. కాని అంత ముచ్చటైన మెట్లను చేజేతుల చెరుపుటకు మనసొప్పక, ఎన్‌జింక్స్ పరిమితిని మరియొక మారు పెంచితిని.