అత్త కొట్టిన కుండ

మన ఒంటి మీద మనకు సంపూర్ణ హక్కు ఉందనుకోవడం ఒట్టి భ్రమట. 2017 మేలో పాన్‌కు ఆధార్ ముడిపెట్టిన కేసులో అప్పటి అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ సుప్రీంకోర్టుకు ఈ సంగతి విన్నవించారు. అంతకు రెండేళ్ల ముందు ఆయనే 1954, 1962 నాటి పాత తీర్పుల దుమ్ము దులిపి, గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదన్నారు. తేల్చండంటూ జస్టిస్ చలమేశ్వర్ ధర్మాసనం విషయాన్ని పైకి పంపింది.

2017 జులైలో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చున్నారు. గోప్యతకు అంతూ పొంతూ లేదు, గంపగుత్తగా దాన్ని ప్రాథమిక హక్కు అనేస్తే ఎలా అని సర్కారు మొరపెట్టుకుంది. సరిగ్గా అదే నెలలో, అదే కోర్టులో, ఐదుగురు న్యాయమూర్తుల ముందు వాడకందారుల సమాచారం మీద వాట్సాప్ కేసు నడుస్తోంది. అక్కడ సర్కారు గొంతు మారిపోయింది. పౌరుడి సమాచారమంటే అతని వ్యక్తిత్వమే, 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో అది అంతర్భాగం అంది. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్తకుండ! మన వేలిముద్రలు ఢిల్లీ తీసుకుంటే సంక్షేమం, మన ఫోన్ నంబరు కాలిఫోర్నియా తీసుకుంటే దోపిడీ.

ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఓడిన పక్షం మొహం వేలాడేస్తుందనుకున్నాం. న్యాయశాఖ మంత్రి రవిశంకర్ ప్రసాద్ మాత్రం తీర్పును స్వాగతించి, మేం మొదట్నుంచీ అంటున్నదే కోర్టు చెప్పిందన్నారు. కింద పడ్డా పైచేయి వారిదే. ఇన్నాళ్లూ ప్రజల సొమ్ముతో ఎవరి మీద వాదించినట్టో!

మరుసటి ఏడు ఆధార్ సమాచారం భద్రమేనా అని అడిగితే, కొత్త అటార్నీ జనరల్ వేణుగోపాల్ గోడల కొలతలు చెప్పారు: ఎత్తు 13 అడుగులు, మందం 5 అడుగులు. హ్యాకర్లు నిచ్చెనలు వేసుకుని వస్తారని ఎవరో చెప్పి ఉంటారు పాపం.

2021 మార్చిలో వాట్సాప్ కొత్త షరతులు జనం గోప్యతకు చేటంటూ, వాటిని ఆపించమని కేంద్రం ఢిల్లీ హైకోర్టును కోరింది. మే నెల వచ్చేసరికి, ఏ సందేశం మొదట ఎవరు పంపారో చెప్పి తీరాలన్న సర్కారు నిబంధన మీద వాట్సాప్ అదే హైకోర్టు గుమ్మం తొక్కింది. చేతిలో 2017 నాటి గోప్యత తీర్పు. కేంద్రం జవాబు: ఏ ప్రాథమిక హక్కూ సంపూర్ణం కాదు.