గేటు తీసి వదిలేయండి: కుక్కల యజమానులకు పక్కా చిట్కాలు

కుక్కని పెంచడం చాకిరీ అనేవాళ్ల మాట వినకండి. వాళ్లకి పని పంచడం చేతకాదు, అంతే. ముద్దు చేయడం, ఫొటోలు దిగడం, "మా బ్రూనో" అని నలుగురికీ చెప్పుకోవడం మీ వంతు. తిప్పడం, ఎత్తిపోయడం, భయపడటం, సూదులు వేయించుకోవడం వీధి వంతు. ఈ పంపకం ఒక్కసారి కుదిరితే ఎన్ని కుక్కల్నైనా హాయిగా పెంచొచ్చు. హైదరాబాద్ అపార్ట్‌మెంటైనా, గుంటూరు సందైనా, పల్లెటూరి పెంకుటిల్లైనా పద్ధతి ఒకటే.

1. పొద్దున్నే ఐదున్నరకి గేటు తీయండి. మీరు బయటికి వెళ్లక్కర్లేదు. ఆ వేళకి పాలవాళ్లు, పేపరు కుర్రాళ్లు, రోడ్లు ఊడ్చేవాళ్లు, వాకింగ్‌కి వెళ్లే పెద్దవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. వాళ్లెలాగూ తిరగాల్సినవాళ్లే, కాస్త వేగంగా తిరుగుతారు. మీరు మళ్లీ ముసుగు తన్నండి. ఏడింటికల్లా కుక్క వచ్చేస్తుంది. రాకపోతే ఎనిమిదింటికి వస్తుంది.

2. గొలుసు కొని మేకుకి తగిలించండి. ఎవరైనా నిలదీస్తే చూపించి, "ఇప్పుడే విప్పామండీ" అనొచ్చు. మెడకి బెల్టు మాత్రం వేయకండి. బెల్టుంటే అది ఎవరి కుక్కో ఇట్టే తెలిసిపోతుంది. మునిసిపాలిటీ లైసెన్సుతో వచ్చే చిక్కూ అదే. బోసిమెడ కుక్క అన్నం వేళకి మీది, కరిచిన వేళకి వీధిది.

3. దొడ్డికి ఎదురింటి వైపు అలవాటు చేయండి. ఎప్పుడైనా మీరే వెంట వెళ్లాల్సి వస్తే ఫోను చెవి దగ్గర పెట్టుకోండి. కుక్క నడుం వంచగానే అటు తిరిగి, "ఆఁ, చెప్పరా, వినపడుతోంది" అనండి. అది లేచి వెనక్కాళ్లతో మట్టి గీరేదాకా మాట్లాడుతూనే ఉండండి. ఎదురింటావిడ ముగ్గుగిన్నెతో బయటికొస్తే, "వీధికుక్కల బెడద మరీ ఎక్కువైంది పిన్నిగారూ, కంప్లయింట్ ఇద్దాం" అని మీరే అందుకోండి. ముందు అన్నవాళ్లదే పైచేయి. కవరు పట్టుకెళ్లి ఎత్తేవాళ్లతో స్నేహం వద్దు, ఆ అలవాటు మీ ఇంటికి పాకుతుంది. కుక్క పెంటలో ఏలికపాముల గుడ్లూ కొంకిపురుగుల గుడ్లూ ఉంటాయని, మట్టిలో ఆడుకునే పిల్లలకి అంటుకుంటాయని పశువైద్యులు చెబుతారు. మీ పిల్లలకి చెప్పులు కొనండి, సరిపోతుంది.

4. "ఏం చెయ్యదండీ" అనే మాట బాగా సాధన చేయండి. యజమానికి దీన్ని మించిన ఆయుధం లేదు. గేటు దగ్గరే నిలబడి, అడుగు కదపకుండా, నవ్వుతూ అనాలి. కుక్క ఎదుటాయన పంచె అంచు పట్టుకున్నా సరే, "ఏం చెయ్యదండీ, ఆడుకుంటోంది" అనాలి. ఆయన గోడకి అతుక్కుపోయి "పట్టుకోండి బాబూ!" అని అరిస్తే, "మీరు భయపడితేనే దానికి కోపం" అనండి. తప్పు ఆయనదైపోయింది. పిల్లలు పరిగెడితే, "పరిగెడితే వెంటపడదా మరి?" అనండి. నడిస్తే, కళ్లలోకి చూశారనండి. నిలబడిపోతే, చేతిలో ఏదో ఉందనుకుందనండి. మొరుగుతూ వస్తే, మొరిగే కుక్క కరవదని సామెత ఉండనే ఉంది. మొరక్కుండా వస్తే, "చూశారా, ఎంత నెమ్మదో" అనండి. చిన్నపిల్లల మొహం కుక్క నోటి ఎత్తులో ఉంటుందని, తలమీదా మొహంమీదా పడ్డ కాటు మెదడుకి దగ్గర కాబట్టి ముప్పు త్వరగా ముంచుకొస్తుందని డాక్టర్లు అంటారు. దానికి జవాబు: "అంత చిన్నపిల్లని ఒంటరిగా ఎందుకు పంపారు?"

5. టీకా జోలికి పోకండి. కుక్కపిల్లకి మూడు నెలలకి మొదలుపెట్టి ఏటా వేయించాలంటారు. ఏటా జులై 6న, జూనోసిస్ దినం రోజున, ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు కూడా. ఉచితమైనా ఎండలో లైనుందిగా. మధ్యలో అది కారు సీటు మీద కక్కుకుంటుంది. ఇంట్లో పెరుగన్నం తినే కుక్కకి పిచ్చెందుకు పడుతుంది చెప్పండి! ఎవరైనా అడిగితే వేయించామనండి. కార్డు చూపించమంటే, డాక్టరుగారి దగ్గరే ఉండిపోయిందనండి.

6. కాలింగ్ బెల్ మోగితే కుక్కని కట్టేయకండి. డెలివరీ కుర్రాళ్లకి ఎప్పుడూ తొందరే, కుక్కని చూస్తే ఇంకా త్వరగా ఇచ్చేసి పోతారు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వచ్చిన ఒక కుర్రాడు, జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడిపోయి, ఆసుపత్రిలో చనిపోయాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో డోబర్‌మన్‌కి జడిసి ఇంకో డెలివరీ మనిషి మూడో అంతస్తు నుంచి దూకి దెబ్బలు తగిలించుకున్నాడు. ఇలాంటి కబురు వచ్చిన రోజున అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దణ్ణం బొమ్మ పెట్టండి. రెండు రోజులు కుక్కని లోపలే ఉంచండి. మూడోరోజుకి గ్రూపులో నీళ్ల ట్యాంకరు గొడవ మొదలవుతుంది. అప్పుడు వదలండి.

7. ఇక కరిచిందనుకోండి. కంగారు పడకండి, మొదటి పావుగంట మీ చేతిలోనే ఉంటుంది. కాటుని కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలని, అలా కడిగితే వైరస్ చాలామటుకు అక్కడే పోతుందని డాక్టర్లు చెబుతారు. అంతసేపు మీ కుళాయి దగ్గర కూర్చోబెడితే జనం పోగవుతారు. కాబట్టి గేటు దాటి లోపలికి రానివ్వకండి. "కాటు కాదు బాబాయ్, గోరు గీరుకుంది" అనండి. కారం అద్దమనండి, పసుపూ సున్నమూ పెట్టమనండి, ఎవరో పసరుమందు వేస్తారట, వెళ్లమనండి. సూది మాటెత్తితే, "బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారు, తట్టుకోగలవా?" అని అడగండి. ఆ సూదులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు భుజానికే వేస్తారు, సర్కారు దవాఖానాలో డబ్బు కూడా తీసుకోరు. కరిచిన రోజు, ఆ తర్వాత మూడోరోజు, ఏడోరోజు, ఇరవయ్యెనిమిదో రోజు. ఇదంతా మీ నోటితో చెప్పకండి. రెక్కాడితేగానీ డొక్కాడనివాళ్లు రెండో సూదికో మూడో సూదికో మానేస్తారు, మీరు గుర్తు చేయకండి. నెత్తురు వచ్చిన కాటైతే సూదితోపాటు గాయంలోకీ గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ కూడా ఎక్కించాలి. నోరు తిరగని పేరు కాబట్టి అడిగేవాళ్లు తక్కువ. ఒక ఐదొందల నోటు చేతిలో పెట్టి, జాగ్రత్తగా వెళ్లమనండి.

కరిచిన కుక్కని పదిరోజులు కళ్లముందు కట్టేసి చూడాలని కూడా అంటారు. ఆ పదిరోజులూ అది చక్కగా ఉంటే, కరిచిన నాడు దాని చొంగలో రేబిస్ లేనట్టు లెక్క. అందుకే ఆ రాత్రే దాన్ని మీ బావమరిది పొలానికి తోలేయండి. కళ్లముందు లేని కుక్క సంగతి ఎవరూ తేల్చలేరు. రేబిస్ బయటపడటానికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. అప్పటికి మీ గేటుకీ ఆ మనిషి పిక్కకీ ముడిపెట్టేవాడు ఉండడు. లక్షణాలు మొదలయ్యాక ఇక మందు లేదు కాబట్టి, మందుల ఖర్చు ఇమ్మని కూడా ఎవరూ మీ ఇంటికి రారు.

8. చట్టం గురించి బెంగ వద్దు. పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో జరిమానా వెయ్యి రూపాయలే ఉండేది. పెరిగితే పెరిగింది, సాక్షి ఉంటే కదా! వాచ్‌మన్‌కి పండక్కి పాత చొక్కాలు ఇస్తూ ఉండండి. గేటుకి "కుక్కలున్నవి జాగ్రత్త" బోర్డు తగిలించండి. కుక్క సందు చివర కరిచినా బోర్డు గేటుకి ఉంది, చదవకపోవడం వాళ్ల పొరపాటు. అన్నిటికంటే మేలైన ఉపాయం, అసోసియేషన్ ప్రెసిడెంటుగా మీరే నిలబడటం. కుక్కల మీద ఫిర్యాదులూ సీసీ కెమెరా రికార్డింగులూ నేరుగా మీ దగ్గరికే వస్తాయి.

9. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అసలే వద్దు. ఆడకుక్క ఏడాదికి దాదాపు రెండుసార్లు ఎదకొస్తుంది, తొమ్మిది వారాలకి ఈనుతుంది. నెల రోజులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఫొటోలు దిగండి. ఆ తర్వాత అట్టపెట్టెలో పెట్టి, చీకటి పడ్డాక చికెన్ షాపు వెనక దించి రండి. ఆకలికి అలమటించేలా జంతువుని వదిలేస్తే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ప్లేటు మిర్చిబజ్జీల ఖర్చు. బతికిన పిల్లలు ఏడాది తిరక్కుండానే గుంపు కట్టి మీ వీధికే వస్తాయి. అప్పుడు మునిసిపాలిటీకి గట్టిగా అర్జీ రాయండి.

10. తిరిగే కుక్క ఎక్కువ కాలం బతకదు, అందుకు సిద్ధంగా ఉండండి. పిడుదులు పట్టి నెత్తురు చచ్చిపోతుంది, పార్వో వచ్చి నెత్తుటి విరేచనాలవుతాయి, కొట్లాటలో పడ్డ పుండుకి పురుగులు పడతాయి. ఇవేవీ కాకపోతే మెయిన్ రోడ్డు ఉంది. బైకు కింద పడితే ఆ బైకువాడూ పడతాడు. అతను హెల్మెట్ తీసి చుట్టూ చూసేలోపు మీరు లోపలికి వెళ్లి తలుపు వేసుకోండి. పిల్లలు ఏడిస్తే బ్రూనో మామయ్య పొలంలో ఉందని చెప్పి, వచ్చే ఆదివారమే కొత్తదాన్ని తెచ్చేయండి. ఈసారి హస్కీ తీసుకోండి. మంచులో బండ్లు లాగిన జాతి, రోజంతా పరిగెట్టాలి దానికి. మీరు గేటు తీయడం మర్చిపోయినా గోడ దూకి పోతుంది, ఆ కాస్త పనీ తప్పుతుంది. అమ్మేవాడు టీకాల కార్డు ఇవ్వబోతే మాత్రం తీసుకోకండి, దానిమీద మీ పేరు రాస్తాడు.