చాకుధరుడు

హైటెక్ సిటీ చుట్టుపక్కల బతికే ప్రతివాడికీ గజాల లెక్కన ఒక పశ్చాత్తాపం ఉంటుంది. 1998 నవంబరు 22న వాజ్‌పేయి గారొచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు చూడండి, ఆ రోజుల్లోనే కొండాపూర్‌లో మా మామగారికి ఎవరో రెండొందల గజాలు చూపించారు. "ఎవడుంటాడయ్యా ఈ రాళ్ళల్లో" అని ఆయన బస్సెక్కి వచ్చేశాడు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్ల 75 లక్షలు పలికిందని టీవీలో చెప్పిన రాత్రి ఆయన భోజనానికి లేవలేదు. ఇక్కడ ఏ ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నా ఇదే పురాణం. ఊళ్ళూ గజాలూ మారతాయంతే.

మా బావమరిది తీరు వేరు. వాడి పశ్చాత్తాపం మడిస్తే జేబులో పడుతుంది. "బావా, ఇది ఐదేళ్ళ కిందటే కొనాల్సింది" అని వాడు నిట్టూర్చేది చాకుల గురించి.

రాయదుర్గంలో టెస్టింగ్ లీడ్‌గా చేస్తాడు. పొద్దున్నించి రాత్రిదాకా వాడి పనిలో తెగేవి రెండే: పార్సెల్ మీద టేపు, ఇంటర్నెట్ కనెక్షను. అయినా జేబులో ఒకటి, బ్యాగులో ఒకటి, తాళాల గుత్తికి వేలాడుతూ చిటికెనవేలంత ఇంకోటి. డెలివరీ కుర్రాడు వెళ్ళిన వెంటనే డబ్బా తెరుస్తాడు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, పైన చెప్పిన మాట అంటాడు. 2019లో డాలరు 70 రూపాయలుండేదని గుర్తుచేస్తాడు. అంటే ఆలస్యం చేసిన ప్రతి చాకూ నష్టమేనట, ఆ నష్టం ఆగాలంటే రాబోయే పశ్చాత్తాపాన్ని ఈ రాత్రే కొనేయాలట. ఈ వాదన మా మామగారికి బాగా ఎక్కింది. కొండాపూర్ గాయం మనిషి కదా, కొడుకును పల్లెత్తు మాట అనడు.

ప్రతి చాకుకూ ఒక స్థలపురాణం ఉంది. స్విట్జర్లాండ్‌లో ఇబాఖ్ అనే ఊళ్ళో కార్ల్ ఎల్సనర్ 1884లో చాకుల కార్ఖానా పెట్టడం, 1891లో సైన్యానికి చాకులు అందించడం, 1897లో ఆఫీసర్ల చాకును రిజిస్టరు చేయించడం, తల్లి పోయాక ఆమె పేరు విక్టోరియాను సరుకుకు పెట్టుకోవడం... తల్లి దగ్గరికొచ్చేసరికి గొంతు జీరబోయి మా అత్తగారి వంక చూస్తాడు. "నా పేరు దేనికీ పెట్టొద్దుగానీ, ఆ ఖాళీ డబ్బాలు మంచం కింద నుంచి తియ్యి" అంటుంది ఆవిడ. టిమ్ లెదర్‌మన్ అనే అమెరికావాడు 1975లో భార్యతో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, జేబులో చాకుండీ పట్టకారు లేక అవస్థపడి, రెండూ కలిపిన పనిముట్టును 1983లో బజారులో పెట్టాడు. ఆ ఎనిమిదేళ్ళూ తానే పస్తున్నట్టు చెబుతాడు మావాడు.

ఆ స్విస్ కంపెనీదే ఫార్మర్ అనే మోడలొకటి ఉంది. రంపం, బెజ్జం పొడిచే మొన, అన్నీ ఉంటాయి. ఖమ్మం దగ్గర తాతగారి మిరపచేను కౌలుకిచ్చి చాలా ఏళ్ళయింది, దాని గట్టు ఎటుందో వీడికి తెలీదు. ఫార్మర్ వచ్చిన వారమే బాల్కనీలో కరివేపాకు చెట్టుకు రంపం పెట్టాడు. అది మళ్ళీ చిగురించలేదు.

ఫ్రాన్సులో 1890 నుంచి చేస్తున్న ఓపినెల్ కూడా ఉంది. బీచ్ చెక్క పిడి. మన వానాకాలానికి అది ఉబ్బి అలుగు బయటికి రానంటుంది. అప్పుడు పిడి చివరను ఆఫీసు ప్యాంట్రీ బల్లకేసి టప్పున కొడతాడు. అక్కడి కొండవాళ్ళ పద్ధతి అదేనట. టీ తాగుతున్నవాళ్ళు కప్పులు పట్టుకుని లేచిపోతారు.

ఇక స్టీలు. "సీపీఎం అంటే మాటలా బావా! వంగదు, పదును పోదు" అంటూ ఒకరోజు సీపీఎం ఎస్30వీ అనే రకం గురించి పూనకంతో చెబుతున్నాడు. ఖమ్మం మనిషి మా మామగారు పేపరు దించకుండానే "అది ఒకప్పుడురా" అన్నారు.

ఈ జాతిని గుర్తుపట్టాలంటే ఎడమ ముంజేయి చూడండి. అక్కడక్కడా నున్నగా గొరిగేసి ఉంటుంది. పదును పరీక్షకు వెంట్రుకలే కొలమానం. చేతిమీద సరుకు అయిపోతే కాగితం. నేను ఇది రాయడానికి అసలు కారణం కూడా ఆ కాగితమే. అత్తగారింటికెళ్ళిన ఆదివారాల్లో పేపరు నా చేతికొచ్చేసరికి అనుబంధం సేమియాలా తయారై ఉంటుంది. గళ్ళనుడికట్టు అడ్డం ఆధారాలు హాల్లో, నిలువు ఆధారాలు బాత్రూం దగ్గర. "చూడు బావా, అంచు ఎక్కడా చిరగలేదు" అని నాకే చూపిస్తాడు.

ఖాళీ కత్తెర ఆడిస్తే ఇంట్లో పోట్లాటలొస్తాయని మన పెద్దవాళ్ళ నమ్మకం. వీడు ఫోన్ కాల్‌లో ఉన్నంతసేపూ చాకు తెరుస్తూ మూస్తూ ఉంటాడు. ఒకసారి మ్యూట్ నొక్కడం మర్చిపోయాడు. అవతల టెక్సస్ మేనేజరు ఆ టక్ టక్ విని ఇది ఫలానా కంపెనీ చాకు తాళమేనా అని అడిగాడట, తన చాకూ కెమెరాకు చూపించాడట. ఆ వారం రావాల్సిన తప్పుల చిట్టా గురించి ఎవరూ ఎత్తలేదు. అప్పట్నుంచి వీడు దాన్ని వృత్తి నైపుణ్యంలో వేసుకున్నాడు.

రాయదుర్గం దాకా మెట్రో 2019లోనే వచ్చింది. ఎర్రగడ్డలో ఎక్కి అమీర్‌పేటలో మారితే చల్లగా దిగొచ్చు. కానీ స్టేషన్లో బ్యాగు స్కాన్ చేస్తారు. జేబులో చాకును వదల్లేక వీడు బోరబండ మీదుగా స్కూటర్ మీద వానలో తడుస్తూ వెళ్తాడు. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీకి ఆయుధాల నిబంధనలు అప్పజెబుతాడు: అలుగు 9 అంగుళాలకు మించి పొడవో, 2 అంగుళాలకు మించి వెడల్పో ఉంటేనే అది ఆయుధమట. "సార్, ముందు అది లోపల పెట్టండి సార్" అంటాడు ఆ పెద్దమనిషి.

శనివారం ఇనుము ఇంట్లోకి రాకూడదని మా అత్తగారి పట్టింపు. కొరియరుకు అదేమీ లేదు. "ఇది స్టెయిన్‌లెస్ అమ్మా, క్రోమియం ఉంటుంది" అన్నాడు ఓసారి. "ఆ సంగతి శనీశ్వరుడికి తెలుసా?" అంది ఆవిడ. డబ్బా సోమవారం దాకా చెప్పుల స్టాండు మీదే ఉంది.

ఇంత పదును ఉన్నవాడికి పని దొరికింది మొన్న మే నెలలో. ఆవకాయకు కాయలు తెచ్చాం. ఎప్పుడూ మార్కెట్లోనే ముక్కలు కొట్టించుకొస్తాం. "నేనుండగా బయట కొట్టించడమేంటి!" అని వీడు అడ్డుపడ్డాడు. చాప పరిచి, చొక్కా చేతులు మడిచి, అన్నిట్లోకీ ఖరీదైనది తీశాడు. మొదటి కాయలో చాకు కండదాకా వెన్నలోకి దిగినంత సుఖంగా దిగింది. టెంక తగలగానే ఆగింది. నొక్కితే దిగదు, లాగితే రాదు. కాయను చాకుతో సహా పైకెత్తి అటూ ఇటూ ఊపాడు. మేమందరం వెనక్కి జరిగాం. "బావా, దీని జామెట్రీ ఇందుకు కాదు" అన్నాడు చివరికి, చెమట తుడుచుకుంటూ.

అత్తగారు లోపలినుంచి కత్తిపీట తెచ్చింది. నల్లటి అలుగు, కాళ్ళరిగిన పీట. మోకాలితో పీట అదిమి, రెండు చేతులా కాయను అలుగుమీద పెట్టి ఒక్క నొక్కు నొక్కింది. పెళ్ మంది. రెండు చెక్కలకూ టెంక అంటుకునే ఉంది. జీడి బొటనవేలితో ఎగరగొట్టి, లోపలి పొర గీకి, గుడ్డతో తుడిచి గిన్నెలో వేసింది. మాట్లాడుతూనే బుట్ట ఖాళీ చేసింది.

వీడు వంగి అలుగు తడిమి చూశాడు. "అమ్మా, ఇదేం స్టీలు?"

"స్టీలో గీలో నాకేం తెలుసురా. మా ఊరి కమ్మరి చేసిండు. మా అమ్మ రెండు కుంచాల వడ్లిచ్చింది."

ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదనుకుంటాను. పొద్దున్నే ఫోను: "బావా, ఇలాంటిది ఎప్పుడో చేయించుకోవాల్సింది." తర్వాతి సెలవుకి నిజంగానే ఆ ఊరెళ్ళాడు. కొలిమి లేదు. కమ్మరి కొడుకు మాదాపూర్‌లో క్యాబ్ నడుపుతున్నాడట, ఫోన్ నంబరు తెచ్చుకున్నాడు. పోనీ సైకిలు మీద సానపట్టేవాణ్ణైనా అడుగుదామని వీధిలో ఆపాడు. ఆ చక్రం వేడికి స్టీలు టెంపర్ పోతుందని తన చాకు మాత్రం ఇవ్వడు, చూపిస్తాడంతే. ఆయన బొటనవేలు ఆనించి చూసి "దీనికి సాన ఎందుకు బాబూ, వాడితే కదా" అని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

అన్యాయంగా మాట్లాడకూడదు. సంక్రాంతి మర్నాడు మా బాల్కనీ వలకు ఒక పావురం చైనా మాంజాలో చుట్టుకుని వేలాడింది. ముట్టుకుంటే మరింత బిగుసుకుంటోంది. వీడొచ్చి తాళాల గుత్తి చాకులోంచి గోరంత కత్తెర తీసి, రెక్క కింద ఒక్కో పోగూ వెతికి తెంపాడు. చెయ్యి వణకలేదు. మా పాప వాడికి సెల్యూట్ కొట్టింది. నేనూ ఆ వారం పేపరు గురించి ఏమీ అనలేదు.

వీడికి సంబంధాలు చూస్తున్నాం. ఒకటి దాదాపు కుదిరింది కూడా. పెళ్ళిచూపుల్లో యాపిల్ పళ్ళు పళ్ళెంలో పెట్టి, కోయడానికి వంటింట్లోంచి ఏదో తెస్తామని లేచారు. "ఉండండి" అని మావాడు జేబులో చెయ్యి పెట్టాడు. టక్కుమని తెరుచుకుంది. పిల్ల తండ్రి కుర్చీ వెనక్కి జరిపాడు. తొక్క మాత్రం తెగకుండా ఒకే పొడవాటి రిబ్బనుగా వచ్చింది, అది చూసి పిల్ల నవ్వింది కూడా. కానీ వాళ్ళ దగ్గర్నుంచి ఇంతవరకూ కబురు లేదు.

మీ ఎరుకలో ఎవరైనా ఉంటే చెప్పండి. 32 ఏళ్ళు, మంచి జీతం, మోతీనగర్‌లో సొంత ఫ్లాటు, తాగడు, బుద్ధిమంతుడు. కట్నకానుకలు వద్దు. చాకు బహుమతిగా ఇస్తే మాత్రం స్నేహం తెగకుండా ఎదురు రూపాయి బిళ్ళ ఇచ్చి పుచ్చుకుంటాడు, అది యూరప్ ఆచారమట. ముంజేతి మీద వెంట్రుకలు మళ్ళీ మొలుస్తాయి.